దూరం ఎలా పుట్టింది?

పసిఫిక్ దారుల్లో – 9వ భాగం: సాలమన్ దీవుల తూర్పు కొస, టెమోటు

1606 ఏప్రిల్. పెరూ నుంచి బయల్దేరిన స్పానిష్ ఓడలు మంచినీళ్ళ కోసం, కట్టెల కోసం టౌమాకో అనే చిన్న దీవి దగ్గర లంగరు వేశాయి. ఓడల అధిపతి పెడ్రో ఫెర్నాండెజ్ డి కిరోస్. దీవి నాయకుడి పేరు టుమాయ్. ఒకరి భాష ఒకరికి రాదు. ఈ చుట్టుపక్కల ఇంకెక్కడైనా నేల ఉందా అని కిరోస్ సైగలతో అడిగాడు. టుమాయ్ వరసపెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. చిన్న దీవి అయితే వేలితో చిన్న సున్నా చుట్టాడు. పెద్ద నేల అయితే రెండు చేతులూ బారచాపాడు. ఎంత దూరమో చెప్పడానికి సూర్యుణ్ణి చూపించి, చేతి మీద తల ఆనించి, కళ్ళు మూసుకుని, పడవలో ఎన్ని రాత్రులు పడుకోవాలో వేళ్ళ మీద లెక్క చూపించాడు. అలా అరవైకి పైగా దీవుల పేర్లు చెప్పాడు. కిరోస్ మనుషులు ఆ పేర్లన్నీ రాసుకున్నారు.

ఆ రోజుకి యూరప్ దగ్గరున్న పసిఫిక్ పటంలో అధికభాగం ఖాళీ. టుమాయ్ తలలో ఉన్న పటం మాత్రం నిండుగా ఉంది.

ఈ ధారావాహికలో గత భాగం దాకా మనం సాలమన్ దీవుల పెద్ద గొలుసు వెంట వచ్చాం. గ్వాడల్‌కెనాల్, మలైటా, మకీరా దాటాం. ఒక దీవి కొండ మీద నిలబడితే పక్క దీవి కనిపించే సముద్రం అది. మకీరా తూర్పు కొస దాటితే ఆ సదుపాయం ఉండదు. దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు ఖాళీ సముద్రం. దాని అవతల ఉన్నదే టెమోటు రాష్ట్రం. టౌమాకో ఉన్నది అక్కడే.

ఇప్పటి పటాల్లో, ప్రభుత్వ నివేదికల్లో టెమోటు అనగానే ముందుగా వచ్చే మాట 'మారుమూల'. రాజధాని హోనియారా నుంచి టెమోటు ముఖ్యపట్టణం లాటాకు 650 కిలోమీటర్లు ఉంటుంది. లాటా నుంచి అదే రాష్ట్రంలోని టికోపియాకు ఇంకో 370 కిలోమీటర్లు. ఓడ ఎప్పుడొస్తుందో కచ్చితంగా చెప్పలేని చోట్లు ఇందులో చాలా ఉన్నాయి. అయితే టుమాయ్ మారుమూలన ఉన్నవాడిలా మాట్లాడలేదు. అరవై దీవుల నడుమ ఉన్నవాడిలా మాట్లాడాడు. ఆ నాలుగు వందల ఏళ్ళలో సముద్రం వెడల్పు పెరగలేదు, దీవులు జరగలేదు. మరి ఈ దూరం ఎక్కడి నుంచి వచ్చింది? ఈ భాగం కథంతా ఆ ప్రశ్నకు జవాబే.

నిప్పు, పగడం, సముద్రం

టెమోటు మొత్తం నేల తొమ్మిది వందల చదరపు కిలోమీటర్లకు మించదు. అందులో సగానికి పైగా ఒక్క నెండో దీవిదే. శాంటా క్రూజ్ అనే స్పానిష్ పేరు కూడా ఈ దీవిదే. లాటా ఇక్కడే, గ్రాసియోసా అఖాతం పక్కన ఉంది. మిగిలిన నేల పడమటి నుంచి తూర్పుకి దాదాపు 500 కిలోమీటర్ల సముద్రంలో ముక్కలు ముక్కలుగా పడి ఉంది. 2019 జనగణన ప్రకారం రాష్ట్ర జనాభా 22 వేల పైచిలుకు.

ఇక్కడ భూమి ఇంకా సర్దుకుంటూనే ఉంది. ఆస్ట్రేలియా ఫలకం పసిఫిక్ ఫలకం కిందికి దూరే చోటు ఇది. అందుకే అగ్నిపర్వతాలూ భూకంపాలూ. నెండోకి ఉత్తరాన సముద్రంలోంచి నేరుగా లేచిన శంఖం లాంటి కొండ టినాకులా. ఎత్తు 851 మీటర్లు. 1595లో స్పానిష్ నావికులు దీన్ని మొదట చూసినప్పుడు మండుతూనే ఉంది. 1840 ప్రాంతంలో పేలినప్పుడు దాని మీద ఉన్న జనమంతా చనిపోయారని చెబుతారు. 2017 అక్టోబర్‌లో కూడా పేలి, బూడిద చుట్టుపక్కల దీవుల మీద పడింది.

దక్షిణాన యుటుపువా, వనికోరో. రెండూ పాత అగ్నిపర్వతాలే. అడవితో కప్పుకుని, చుట్టూ పగడపు దిబ్బల గోడ కట్టుకుని ఉంటాయి. వనికోరో శిఖరం 924 మీటర్లు. వానలు ఎక్కువ, మలేరియా ఎక్కువ. నెండోకి ఉత్తరాన రీఫ్ దీవులు ఇందుకు పూర్తిగా భిన్నం. పగడపు సున్నపురాయి మీద నిలిచిన పల్లపు దీవులు అవి. కొన్ని అయితే సముద్రానికి నాలుగైదు మీటర్ల ఎత్తు కూడా ఉండవు. మట్టి పల్చన, చేపలు దండి. ఇంకా ఈశాన్యంగా వెళితే డఫ్ దీవులు. వాటిలో పెద్దది టౌమాకో.

అన్నిటికంటే తూర్పున ఒంటరిగా టికోపియా, అనూటా. టికోపియా అయిదు చదరపు కిలోమీటర్ల దీవి. నడుమ పాత అగ్నిపర్వత బిలంలో టె రోటో అనే సరస్సు, పక్కన రేఆని కొండ. అక్కడి నుంచి దాదాపు 135 కిలోమీటర్లు ఈశాన్యంగా ఉన్న అనూటా అర చదరపు కిలోమీటరు కూడా లేదు. దాని మీద సుమారు మూడు వందల మంది బతుకుతున్నారు.

ఈ తేడాలను గుర్తుపెట్టుకోవాలి. ఒక దీవిలో మట్టి ఉంటే ఇంకో దీవిలో చేపలున్నాయి. ఒక దీవిలో ఓడకు పనికొచ్చే మాను ఉంటే ఇంకో దీవిలో ఎర్ర పిట్టలున్నాయి. ఏ దీవికీ అన్నీ లేవు. ఇక్కడి మనుషుల చరిత్రను నడిపింది ఆ లోటే.

మొదట దాటినవాళ్ళు

మకీరా దాకా మనిషి సుమారు ముప్పై వేల ఏళ్ళ క్రితమే వ్యాపించిన ప్రాంతం. అక్కడి నుంచి తూర్పుకి దాటడానికి మాత్రం ఇంకా చాలా కాలం పట్టింది. కనిపించని నేల కోసం బయల్దేరాలంటే వేరే పడవలు, వేరే విద్య కావాలి. ఆ విద్యతో సుమారు మూడు వేల ఏళ్ళ క్రితం వచ్చినవాళ్ళు లపీటా జనం. పంటి దువ్వెన లాంటి పనిముట్టుతో చుక్కలు గుచ్చి అలంకరించిన కుండలు వాళ్ళ గుర్తు.

1970లలో న్యూజిలాండ్ పురావస్తు శాస్త్రవేత్త రోజర్ గ్రీన్ రీఫ్ దీవుల్లోని నెనుంబోలోనూ, నెండోలోని నంగూలోనూ తవ్వకాలు జరిపారు. కుండపెంకులతో పాటు నల్లగా గాజులా మెరిసే అగ్నిశిల ముక్కలు దొరికాయి. కత్తిలా కోయగల రాయి అది. టెమోటులో అది పుట్టదు. పరీక్షిస్తే దాని ఊరు న్యూ బ్రిటన్ దీవిలోని తలాసియా అని తేలింది. అంటే పడమటి దిక్కున రెండు వేల కిలోమీటర్ల దూరం. కొత్త నేల మీదికి వచ్చినవాళ్ళు వెనుకటి నేలతో తెగతెంపులు చేసుకోలేదు. చేతి నుంచి చేతికి, దీవి నుంచి దీవికి ఆ రాయి ప్రయాణిస్తూ వచ్చింది. ఈ ఖాళీ సముద్రం ఇవతలి పసిఫిక్‌ను 'దగ్గరి ఓషియానియా' అనీ, అవతలిది 'దూరపు ఓషియానియా' అనీ విడదీసి చూపింది కూడా గ్రీనే. దూరపు ఓషియానియాకు తొలి గడప టెమోటు.

భాషల సంగతి చూస్తే ఈ చిన్న రాష్ట్రంలో పదికి పైగా భాషలున్నాయి. రీఫ్ దీవుల్లో ఐవో, నెండోలో నటుగు, దాని చుట్టాలు. వీటి వ్యాకరణం ఎంత చిక్కుగా ఉంటుందంటే, ఇవి ఆస్ట్రోనేషియన్ కుటుంబానివా లేక అంతకు ముందరి పపువన్ భాషల సంతతా అని పండితులు దశాబ్దాల పాటు వాదించుకున్నారు. 2007లో మాల్కమ్ రాస్, ఓశిల్డ్ నెస్ కలిసి రాసిన పరిశోధన ఇవి ఓషియానిక్ శాఖకు చెందినవేనని చూపించింది. చిన్న వనికోరోలో ఒకటి కాదు, మూడు భాషలుండేవి. టెయాను ఇంకా నిలిచింది. లొవోనో, తనేమా మాట్లాడే చివరి ముసలివాళ్ళ దగ్గర కూర్చుని ఫ్రెంచ్ భాషాశాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫ్రాన్స్వా ఆ మాటలు రాసుకున్నారు.

తూర్పు నుంచి తిరిగి వచ్చినవాళ్ళు

లపీటా జనం టెమోటు దాటి వనువాటు, ఫిజీ, టాంగా, సమోవా చేరారు. పాలినేషియన్ సంస్కృతి రూపుదిద్దుకుంది అక్కడే. తర్వాత కొన్ని శతాబ్దాలకు వాళ్ళలో కొందరు గాలివాటుగా పడమటికి మళ్ళారు. టికోపియా, అనూటా, టౌమాకో, రీఫ్ దీవుల్లో పిలేని, నుకాపు లాంటి బయటి దీవుల్లో ఇప్పుడు వినిపించేవి పాలినేషియన్ భాషలే. తాతలు వెళ్ళిన దారిలోనే మనవలు వెనక్కి వచ్చారు. వచ్చేసరికి ఆ దీవుల్లో వేరే చుట్టాలున్నారు.

అందుకే టెమోటు రెండు లోకాలు కలిసే చోటయింది. పసిఫిక్‌లో పడమటి వాళ్ళు వక్క, తమలం, సున్నం నములుతారు. తూర్పువాళ్ళు కావా వేరు నూరి తాగుతారు. టికోపియాలో రెండూ ఉన్నాయి. జనం రోజంతా వక్క నమిలేవారు. పాత మతం నడిచిన కాలంలో కావాను తాగకుండా, నాయకులు తమ దేవతలకు ధార పోసేవారు.

టికోపియా గురించి ఇంత వివరంగా తెలియడానికి కారణం రేమండ్ ఫర్త్ అనే మానవశాస్త్రవేత్త. 1928లో ఆయన ఆ దీవికి వెళ్ళి ఏడాది ఉన్నారు. 1936లో వచ్చిన ఆయన పుస్తకం 'వుయ్, ద టికోపియా' ఆ శాస్త్రంలో పునాది గ్రంథాల్లో ఒకటి. ఆయన ఇంటింటికీ తిరిగి లెక్కిస్తే 1,281 మంది తేలారు. కఫికా, తఫువా, టౌమాకో, ఫంగరేరే అనే నాలుగు వంశాలు, వంశానికొక నాయకుడు. ఆ నాయకుణ్ణి అరికి అంటారు. నలుగురిలో కఫికా అరికిది పెద్దరికం.

అయిదు చదరపు కిలోమీటర్లలో మూడు వేల ఏళ్ళుగా మనుషులు ఎలా నిలిచారు? ప్యాట్రిక్ కిర్చ్, డగ్లస్ యెన్ 1970లలో చేసిన తవ్వకాలు ఆ కథ చెప్పాయి. మొదట వచ్చినవాళ్ళు అడవి తగలబెట్టారు, పక్షుల్ని తినేశారు. తర్వాత తరాలు దారి మార్చుకున్నాయి. దీవి మొత్తాన్ని మెట్లు మెట్లుగా పెరిగే తోటగా మలిచారు. పైన కొబ్బరి, బ్రెడ్‌ఫ్రూట్, బాదం జాతి చెట్లు, కింద చేమ, పెండలం. సుమారు 1600 ప్రాంతంలో ఇంకో పెద్ద నిర్ణయం జరిగింది. పందులు తోటల్ని తవ్వి పాడుచేస్తున్నాయని దీవి మీద ఉన్న పందులన్నిటినీ వదిలించుకున్నారు. పసిఫిక్‌లో పంది అంటే విందు, పరువు, హోదా. వాటిని వదులుకోవడం చిన్న త్యాగం కాదు.

తుఫాను వస్తే తోట ఒక్క రాత్రిలో పోతుంది. దానికి మందు మసి. బ్రెడ్‌ఫ్రూట్‌నీ చేమనీ ఆకులు పరిచిన గోతుల్లో పూడ్చి పులియబెడతారు. ఏళ్ళ తరబడి చెడదు. మన ఇళ్ళలో ఆవకాయ జాడీ ఉన్నట్టే అక్కడ ప్రతి కుటుంబానికీ మసి గొయ్యి ఉంటుంది. అయితే మనకది రుచి కోసం, వాళ్ళకది ప్రాణం కోసం. రీఫ్ దీవుల్లో ఇదే పనికి బ్రెడ్‌ఫ్రూట్ ముక్కల్ని వేడి మీద ఎండబెట్టి నంబో అనే గట్టి బిస్కెట్లు చేస్తారు. పడవ ప్రయాణంలో తినేది కూడా అదే.

అనూటాలో ఇంకో కట్టుబాటుంది. పేరు అరోపా. ప్రేమ, జాలి, పంచుకోవడం మూడూ కలిసిన భావం అది. ఎవరింట్లో తిండి తక్కువైతే మిగతావాళ్ళు పెట్టి తీరాలి. అర చదరపు కిలోమీటరులో పంచుకోకుండా ఎవరూ బతకలేరన్న ఎరుక ఆ కట్టుబాటుకు మూలం.

ఎర్ర ఈకల డబ్బు, టె పుకె పడవ

ఏ దీవికీ అన్నీ లేవని ముందే అనుకున్నాం. ఆ లోటును పూడ్చింది ఒక డబ్బు, ఒక పడవ.

ఆ డబ్బు పేరు తెవావు. నెండోలో తయారయ్యే ఎర్ర ఈకల చుట్ట అది. ఒక్క చుట్ట పొడవు దాదాపు పది మీటర్లు. నిప్పు రంగులో ఉండే చిన్న తేనెపిట్ట ఈకలే దానికి ముడిసరుకు. ఒక్క చుట్టకు మూడు వందల పిట్టల దాకా కావాలి.

దాని తయారీ మూడు చేతుల పని. మొదటివాడు పిట్టలు పట్టేవాడు. చెట్టు జిగురు పూసిన కొమ్మను అడవిలో పెట్టి, ఎర పిట్టను కట్టి, కూత పెట్టి పిలుస్తాడు. వచ్చి వాలిన పిట్ట కాళ్ళు అంటుకుపోతాయి. రెండోవాడు పావురం జాతి పక్షి బూడిదరంగు ఈకల్ని జిగురుతో అతికి వేలెడంత రేకులు చేస్తాడు. ఆ రేకు అంచున మాత్రమే ఎర్ర ఈకలు అతుకుతాడు. మూడోవాడు చెట్టు నారతో పేనిన రెండు తాళ్ళ మీద ఆ రేకుల్ని పెంకుల మీద పెంకు పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి ఎక్కించి కడతాడు. కింది రేకు బూడిదరంగు కప్పబడిపోయి పైకి ఎరుపు ఒక్కటే కనిపిస్తుంది. ఇలా వందల రేకులు, వేల ఈకలు, నెలల పని. ఎవరి పని వాళ్ళదే. ఆ పనికి కావలసిన మంత్రం ఆ వంశంలో వారసత్వంగా రావాలి. పూర్తయిన చుట్టను ఆకుల్లో చుట్టి పొయ్యి పైన కట్టేవారు. పొగ తగిలితే పురుగు పట్టదు, బూజు పట్టదు. అయినా ఏళ్ళ మీద ఎరుపు వెలుస్తుంది. వెలిసిన కొద్దీ విలువ తగ్గుతుంది. దాచుకుంటే పెరిగే డబ్బు కాదిది, తిరిగితేనే విలువ.

కన్యాశుల్కం ఈ చుట్టల్లోనే. కొత్తగా మెరిసే చుట్ట మొదలు వెలిసిన చుట్ట దాకా ఒకదాని కంటే ఒకటి విలువ తగ్గే పది చుట్టలు ఇవ్వడం పద్ధతి. పందులు, పడవలు కొన్నదీ వీటితోనే. అన్నీ మంచివే కావు. రీఫ్ దీవుల ఆడవాళ్ళలో కొందరిని ఈ డబ్బుకు నెండోలో ఉంపుడుగత్తెలుగా అమ్మారు. 1960లలో అమెరికన్ మానవశాస్త్రవేత్త విలియం డావెన్‌పోర్ట్ ఈ వ్యవస్థనంతా దగ్గరుండి నమోదు చేసినప్పుడు ఆ చేదును కూడా దాచకుండా రాశారు.

ఈ డబ్బు దీవి నుంచి దీవికి తిరిగింది టె పుకె మీద. టౌమాకోలో పొన్న జాతి మాను తొలిచి, పైన చెక్క మూసి, పక్క తేలుడు దూలం కట్టి, నడుమ మంచె వేసి, మంచె మీద చిన్న గుడిసె నిలబెడతారు. మొగలి ఆకుల చాప అల్లి చేసిన తెరచాప పీత డెక్కలా రెండు కొమ్ములతో పైకి విచ్చుకుంటుంది. మొదటి పడవ కట్టినవాడు లాటా అనే వీరుడని టౌమాకో వాళ్ళ నమ్మకం. పగడపు దీవుల్లో పడవకు తగిన మాను దొరకదు. కాబట్టి రీఫ్ దీవుల నావికుడు నెండోలో ఎర్ర ఈకలు సంపాదించి, టౌమాకోలో పడవ కొని, ఆ పడవతో మళ్ళీ వ్యాపారం చేసేవాడు. ముక్కోణం తిరిగే ఈ రాకపోకలే టెమోటును ఒక్క లోకంగా కట్టి ఉంచాయి.

దిక్కు తెలుసుకునేది నక్షత్రాలతో, గాలులతో, అలలతో. 1960ల చివర డేవిడ్ లూయిస్ అనే నావికుడు రీఫ్ దీవుల టెవాకే అనే వృద్ధుడితో కలిసి సముద్రం మీదికి వెళ్ళాడు. మబ్బు పట్టి చుక్క కనపడనప్పుడు కూడా టెవాకే పడవ కింద అల కదిలే తీరును శరీరంతో పసిగట్టి దారి తప్పకుండా నడిపాడు. లూయిస్ 1972లో రాసిన పుస్తకంతో ఆ విద్య ప్రపంచానికి తెలిసింది.

పెద్ద ఓడల రాక

1595 సెప్టెంబర్ 7 రాత్రి స్పానిష్ నావికుడు అల్వారో డి మెండాన్యా నాలుగు ఓడల దండు టినాకులా దగ్గరికి వచ్చింది. తెల్లారేసరికి మూడే ఉన్నాయి. శాంటా ఇసబెల్ అనే ఓడ మనుషులతో సహా మాయమైంది. మూడు వందల డెబ్భై అయిదేళ్ళ తర్వాత మకీరాలోని పమువా దగ్గర స్పానిష్ కుండపెంకులు దొరికాక ఆ ఓడ జనం అక్కడ దిగి ఉంటారని అర్థమైంది.

మిగిలినవాళ్ళు గ్రాసియోసా అఖాతంలో వలస ఊరు కట్టబోయారు. అక్కడి నాయకుడు మలోపే స్నేహంగా వచ్చి మెండాన్యాతో పేరు మార్చుకున్నాడు. నువ్వు మలోపే, నేను మెండాన్యా అని. పసిఫిక్‌లో అది చుట్టరికం కలుపుకోవడమే. ఓడ జనానికి తిండి సాయం చేశాడు. అలాంటి మలోపేని అతని ఇంట్లోనే స్పానిష్ సైనికులు చంపేశారు. చంపినవాళ్ళను మెండాన్యా శిక్షించాడు గానీ పోయిన నమ్మకం తిరిగి రాలేదు. జ్వరాలు వచ్చాయి. అక్టోబర్ 18న మెండాన్యా కూడా చనిపోయాడు. నాయకత్వం ఆయన భార్య ఇసబెల్ బరేటో చేతికి వచ్చింది. నవంబర్‌లో ఊరు వదిలేసి, తిండీ నీళ్ళూ లేక నానా కష్టాలు పడి ఆమె మిగిలిన జనంతో 1596 ఫిబ్రవరిలో మనీలా చేరింది. ఆ ఓడలకు దారి చూపిన ప్రధాన నావికుడు కిరోసే. పదకొండేళ్ళ తర్వాత అతనే టుమాయ్ ముందు నిలబడ్డాడు.

ఫ్రాన్స్ రాజు పంపిన నావికుడు లా పెరూస్ రెండు ఓడలు 1788లో ఆస్ట్రేలియాలోని బోటనీ బే వదిలాక కనిపించకుండా పోయాయి. వాటిని వెదకడానికి వచ్చిన దాంత్రకాస్తో 1793లో వనికోరో కనుచూపు మేరలోంచే వెళ్ళాడు, ఆగలేదు. నలభై ఏళ్ళ పాటు యూరప్‌కు ఆ ఓడలు ఏమయ్యాయో తెలియలేదు. టికోపియాలో మాత్రం అందరికీ తెలుసు.

ఆ సంగతి బయటికి వచ్చిన తీరులో మన దేశానికీ చిన్న పాత్ర ఉంది. 1813లో పీటర్ డిల్లన్ అనే నావికుడు పనిచేస్తున్న ఓడ బుషార్ట్ అనే ప్రష్యా మనిషినీ, భారతీయ నావికుడైన ఒక లస్కర్‌నూ టికోపియాలో దింపి వెళ్ళింది. ఇద్దరూ అక్కడే కాపురం పెట్టారు. 1826లో డిల్లన్ మళ్ళీ అటు వచ్చినప్పుడు ఆ లస్కర్ దగ్గర ఒక వెండి కత్తిపిడి భాగం కనిపించింది. ఎక్కడిదని అడిగితే వనికోరో నుంచి వచ్చిందన్నారు. పాతకాలంలో అక్కడ రెండు పెద్ద ఓడలు పగడపు దిబ్బ మీద పగిలాయనీ, ఆ సామాను తమవాళ్ళు పడవల మీద వెళ్ళి తెచ్చుకుంటూ ఉంటారనీ చెప్పారు. టికోపియా నుంచి వనికోరోకు 220 కిలోమీటర్లు. వాళ్ళకది రెండు రోజుల దారి. డిల్లన్ కలకత్తా వచ్చి ఈ మాట చెబితే ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం 'రిసెర్చ్' అనే ఓడనిచ్చి పంపింది. 1827లో ఆయన వనికోరోలో గంట, ఫిరంగులు, ఇతర సామాను చూశాడు. యూరప్ నౌకాదళాలు వెదికి కనిపెట్టలేని సంగతి టికోపియా పడవల రాకపోకల్లో మామూలు మాటగా తిరుగుతోంది.

మనుషుల్ని ఎత్తుకుపోయిన కాలం

1860ల నుంచి క్వీన్స్‌లాండ్ చెరకు తోటలకూ, ఫిజీ తోటలకూ కూలీల కోసం ఓడలు దీవుల చుట్టూ తిరిగాయి. కొందరు ఒప్పుకుని వెళ్ళారు. చాలామందిని మోసపుచ్చి, మరికొందరిని బలవంతంగా ఓడ అడుగున పడేసి తీసుకుపోయారు. 1863కీ 1904కీ మధ్య ఒక్క క్వీన్స్‌లాండ్‌కే సుమారు 62 వేల మందిని తరలించారు.

రీఫ్ దీవుల్లోని నుకాపు నుంచి అయిదుగురు మగవాళ్ళను ఇలాగే ఎత్తుకుపోయారు. ఆ తర్వాత 1871 సెప్టెంబర్ 20న బిషప్ జాన్ కోల్‌రిడ్జ్ పాటిసన్ ఆ దీవికి వచ్చాడు. అంతకు ముందు కూడా వచ్చిన మనిషే, భాష నేర్చుకున్న మనిషే. ఈసారి దీవి జనం ఆయన్ని చంపి, శవాన్ని చాపలో చుట్టి పడవలో వదిలారు. రొమ్ము మీద అయిదు ముడులు వేసిన తాటి జాతి ఆకు ఉందని మిషన్ కథనాలు చెబుతాయి. ఆ కొన్ని వారాలకే బ్రిటిష్ యుద్ధనౌక రోసారియో వచ్చి నుకాపు మీద ఫిరంగులు పేల్చింది. పాటిసన్ మరణం ఇంగ్లండ్‌ను కుదిపింది. 1872లో కూలీల అపహరణను అడ్డుకునే చట్టం వచ్చింది. 

దీవుల కూలీలను తేవడం కష్టమయ్యేసరికి ఫిజీ తోటలు భారతదేశం వైపు చూశాయి. 1879 మే 14న తొలి గిర్మిట్ (ఒప్పంద కూలీల) ఓడ 'లియోనిడాస్' ఫిజీ చేరింది. 1903 నుంచి మద్రాసు రేవులోనూ ఓడలెక్కించారు. వాటిలో తెలుగువాళ్ళు చాలామంది వెళ్ళారు. నుకాపు మనిషినీ, ఉత్తరాంధ్ర మనిషినీ ఒకే చెరకు తోట ఒకరి తర్వాత ఒకరిని లాగింది. ఈ పసిఫిక్ చరిత్రను మనం పరాయి చరిత్రగా చదవలేకపోవడానికి అదొక కారణం.

కూలీల ఓడల వెంట రోగాలు కూడా వచ్చాయి. ఇన్‌ఫ్లుయెంజా, విరేచనాలు, తట్టు. యుటుపువా, వనికోరో ఊళ్ళు ఒకటి తర్వాత ఒకటి ఖాళీ అయ్యాయి. 1890ల చివర శాంటా క్రూజ్ దీవులు బ్రిటిష్ రక్షిత రాజ్యంలో కలిశాయి. 1920ల నుంచి వనికోరోలో కౌరి మాను నరికే కంపెనీ దిగింది. సముద్రంలో పడవలు తప్పిపోతున్నాయని పాలకులు పొడవైన ప్రయాణాలను నిరుత్సాహపరిచారు. నాణెం డబ్బు వచ్చి ఎర్ర ఈకల విలువ పోయింది. ఈకల విలువ పోయాక టె పుకె కొనేవాళ్ళు లేరు. కొనేవాళ్ళు లేక కట్టేవాళ్ళు తగ్గారు. 1960లు దాటేసరికి ముక్కోణం తిరిగే ఆ రాకపోకలు ఆగిపోయాయి.

దూరం పుట్టింది ఇక్కడ. సొంత పడవ ఉన్నంత కాలం టౌమాకో మనిషికి రీఫ్ దీవులు పొరుగూరు. సొంత పడవ పోయాక అతను ఎక్కడో హోనియారాలో బయల్దేరే ఓడ కోసం తీరాన కూర్చోవలసి వచ్చింది. రాకపోకల తాళం చెవి చేతులు మారింది.

ఇప్పటి టెమోటు

1978 జులై 7న సాలమన్ దీవులకు స్వాతంత్ర్యం వచ్చింది. టెమోటు దీవులన్నీ కలిసి ఒక రాష్ట్రమయ్యాయి. దూరం మాత్రం తగ్గలేదు. 2002 డిసెంబర్ 28న జో అనే మహా తుఫాను టికోపియా, అనూటా మీద విరుచుకుపడింది. ఇళ్ళు ఎగిరిపోయాయి, తోటలు మోడులయ్యాయి, టె రోటో సరస్సులోకి సముద్రం చొరబడింది. రేడియో మాట లేదు. దాదాపు వారం దాకా సాయం ఓడ చేరలేదు. అందరూ పోయి ఉంటారని ప్రపంచం భయపడింది. తీరా వెళ్ళి చూస్తే ఒక్క మరణం కూడా నమోదు కాలేదు. పెద్దలు చెప్పినట్టు జనం ఎత్తున ఉన్న కొండ చరియల కిందికి చేరి ప్రాణాలు దక్కించుకున్నారు. గోతుల్లో మసి ఉంది.

2013 ఫిబ్రవరి 6న 8.0 తీవ్రతతో భూకంపం, వెంటనే సునామీ నెండో పడమటి తీరాన్ని కొట్టింది. దాదాపు పది మంది చనిపోయారు, వందల ఇళ్ళు పోయాయి. లాటా విమానాశ్రయం నీట మునగడంతో సాయం విమానాలు కొంతకాలం దిగలేకపోయాయి. రీఫ్ దీవుల పల్లపు నేలకు పెరిగే సముద్రం ఇంకో బెంగ.

ఇన్నిటి మధ్య టౌమాకోలో ఒక పని మొదలైంది. దీవి పెద్ద నాయకుడు కొలోసో కవేయా చిన్నతనంలో టె పుకె కట్టడం, నడపడం నేర్చుకున్న చివరి తరం మనిషి. ఆ విద్య తనతో పోకూడదని 1996లో కుర్రాళ్ళను కూడగట్టి, మారియాన్ జార్జ్ అనే మానవశాస్త్రవేత్త సాయంతో మళ్ళీ పడవ కట్టించాడు. ఎక్కడి నుంచి ఏ గాలి వీస్తుందో చెప్పే పాత లెక్క, అల కదలిక చదివే పద్ధతి, సముద్రంలో రాత్రిపూట మెరుపులా కనిపించి నేల దిక్కు చెప్పే టె లపా వెలుగు, ఇవన్నీ పిల్లలకు నేర్పాడు. 2009లో ఆయన పోయేనాటికి దీవిలో పడవ కట్టగల యువకులున్నారు. పెట్రోలు ధరలు పెరిగిన కొద్దీ, ఓడలు తప్పిన కొద్దీ, గాలితో నడిచే పడవ అక్కడ పురావస్తువు కాదు, అవసరం.

టెమోటును 'మారుమూల' అనేవాళ్ళు పటంలో కిలోమీటర్లు కొలిచి చెబుతున్నారు. ఆ కిలోమీటర్లు మూడు వేల ఏళ్ళ క్రితం కూడా అన్నే. తలాసియా రాయి వాటిని దాటింది, ఎర్ర ఈకలు దాటాయి, వనికోరో వెండి కత్తిపిడి దాటింది. దాటలేకపోవడం అనేది గత నూట యాభై ఏళ్ళలో తయారైంది. మనుషుల్ని ఎత్తుకుపోయిన ఓడలు, ఊళ్ళను ఖాళీ చేసిన రోగాలు, సొంత ప్రయాణాన్ని నిరుత్సాహపరిచిన పాలన కలిసి తయారు చేసినది అది. మనుషులు తయారు చేసిన దూరాన్ని మనుషులు తగ్గించగలరు. ఆ పని టౌమాకో తన వంతుగా మొదలుపెట్టింది. ఓడలూ ఆసుపత్రులూ సమయానికి చేర్చే వంతు ఇంకా ప్రభుత్వాలది.

(వచ్చే భాగంలో: దక్షిణాన వనువాటు. ఎరెటోకా దీవిలో తన పరివారంతో సహా సమాధి అయిన నాయకుడు రోయ్ మాటా, నోటి కథ నిజమేనని చెప్పిన తవ్వకం.)